ఆకలి లేదని దిగులుపడేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బాప్తిస్మం తీసుకున్న కొత్తలో తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు బైబిలు తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. ‘నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు’ అన్న వాక్యం వింటేనే భయమేస్తోంది. నాలో ఆ ఆకలి చచ్చిపోయినట్టేనా?
– ఒక సోదరి, పటమట, విజయవాడ

జవాబు: చచ్చిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదమ్మా. మత్తయి 5:6లో ప్రభువు ధన్యులన్నది ఇంకా ఆకలితో ఉన్నవారినే. తృప్తిపరచడం ఆయన వంతు. మన కూడికల్లో ఉద్రేకాన్నే ఆకలి అనుకోవడం బాగా అలవాటైపోయింది. పాటల కీబోర్డు ఆగగానే చల్లారిపోయేదాన్ని కొలతగా పెట్టుకుని మిమ్మల్ని మీరు తూచుకోకండి.

ముందు నిద్ర సంగతి చూసుకోండి. రాత్రి పదకొండింటిదాకా వంటింట్లో ఉండి నాలుగింటికి లేస్తే ఎవరికైనా కునుకు పడుతుంది. దాన్ని పాపం ఖాతాలో రాయకండి, వేళ మార్చుకోండి. పిల్లలు బడికి వెళ్లాక కూర్చున్నా ప్రభువు వింటాడు.

తర్వాత మోతాదు. బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైనే చదవాలి. చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాలకు పైగా బాకీ. బాకీ చూసి సిగ్గు, సిగ్గుతో పుస్తకం మూత. కొన్నాళ్లు ఆ పట్టిక పక్కన పెట్టి 119వ కీర్తన పట్టుకోండి. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొక భాగం పైకి చదవండి. గుచ్చుకున్న ఒక్క వాక్యాన్ని మీ ఇంటి మాటల్లో ప్రార్థనగా చెప్పుకోండి. పది నిమిషాలు చాలు. దేవుని ధర్మశాస్త్రం ఎంత ప్రియమో 175 వచనాల్లో చెప్పినవాడు చివరి వచనంలో ‘తప్పిపోయిన గొఱ్ఱెవలె’ తిరిగానని, వెదకి పట్టుకోమని అడుగుతాడు. మీ స్థితిలో ఉన్నవారి ప్రార్థన ఆ కీర్తనలోనే ఉంది. అది అయ్యాక కొండమీది ప్రసంగం, అంటే మత్తయి 5, 6, 7 అధ్యాయాలు, 111 వచనాలు, ఇదే పద్ధతిలో చదవండి.

వేళ, మోతాదు మార్చినా మనసు బండగానే ఉంటే, ఎవరితోనైనా మాట తెగి ఉందేమో చూసుకోండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23-24).

ప్రశ్న: గుంటూరు మిర్చి వ్యాపారంలో ఉన్నాను. మారుమనస్సు పొందకముందు కాటా దగ్గర రైతుకు చెప్పకుండా టిక్కీకి (మిర్చి బస్తాకు) కొంత తరుగు తీసేవాణ్ణి. ఆ పాపం పోవాలని మందిర నిర్మాణానికి పెద్ద కానుక ఇచ్చాను. అయినా నెమ్మది లేదు.
– ఒక విశ్వాసి, గుంటూరు

జవాబు: రైతు సొమ్ము మందిరానికి ఇచ్చారు. నెమ్మది ఎలా వస్తుంది? సరుకు తేమగా ఉందని ముందే చెప్పి ధర తగ్గించడం బేరం. చెప్పకుండా తూకంలో కోయడం దొంగతనం.

సంఖ్యాకాండం 5:6-8 ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలు పూర్తిగా ఇచ్చి, అందులో అయిదవ వంతు కలిపి నష్టపోయినవానికే చెల్లించాలి. అతడూ లేక, తీసుకోవడానికి బంధువూ లేకపోతేనే అది యాజకునికి చేరుతుంది. కానుక వంతు చిట్టచివర. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య (లూకా 19) ఇంకా పైకి వెళ్లి, గొర్రె దొంగకు ధర్మశాస్త్రం విధించిన నాలుగంతలు తనకు తానే వేసుకున్నాడు. వరస చూడండి: యేసు అతని ఇంటికి వస్తాననడం ముందు, లెక్క తీర్చడం తర్వాత. మీరు కట్టేది నీతికి వెల కాదు. అది క్రీస్తులో ఉచితంగా దొరికింది. అది దొరికినవాడు పరాయి సొమ్ము ఇంట్లో ఉంచుకోలేడు, అంతే.

పాత చీటీలు తీయండి. ఉదాహరణకు ఒక రైతు 40 టిక్కీలు తెచ్చాడు, టిక్కీకి కిలో కోశారు, ఆనాటి ధర క్వింటాలు 12,000. నలభై కిలోలకు 4,800 రూపాయలు. అయిదవ వంతు 960. మొత్తం 5,760. చీటీలు దొరకనిచోట రైతు చెప్పిన లెక్కకే ఒప్పుకోండి. ఒకేసారి ఇవ్వలేకపోతే కౌలు రైతులతో మొదలుపెట్టండి. రైతు చనిపోయి ఉంటే భార్యాపిల్లలకు ఇవ్వండి.

స్వయంగా వెళ్లండి. గుమాస్తా మీదో, కాటా మనిషి మీదో తోయకుండా ‘నేనే కోశాను’ అనండి. డబ్బు చేతిలో పెడుతూ సువార్త చెప్పకండి, అమ్ముడుపోయినట్టు ఉంటుంది. ఆదివారం సాక్ష్యంలో ఎంతిచ్చారో చదవకండి. అలా చేసి పాడుచేసుకున్నవారు చాలామంది. మత్తయి 6:1 హెచ్చరిక సరిగ్గా వారికే.

ప్రశ్న: షుగరు ఉంది. శుక్రవారం ఉపవాస కూడికలో సాయంత్రందాకా ఏమీ తినకపోతేనే నిజమైన ఆకలి అంటున్నారు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏ వాక్యంలోనూ అలా లేదు. రోమన్ కతోలిక సంఘంలో కూడా తప్పనిసరి ఉపవాసం ఏడాదికి రెండు రోజులే, భస్మ బుధవారం, శుభ శుక్రవారం, అదీ 18 నుంచి 59 ఏళ్లవారికి. రోగులకు మినహాయింపు. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసం కాడి విప్పడం, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం. మీరు వేళకు తిని, టీవీ సీరియలో ఫోనో మానుకుని ఆ సమయం ప్రార్థనకివ్వండి. ఒక పూట భోజనం ఖర్చు తిండిలేనివారికి పెట్టండి.

డాక్టరును అడగకుండా మాత్ర మానడం గానీ, మందు వేసుకుని భోజనం మానడం గానీ చేయొద్దు. ఇన్సులిన్ తీసుకునేవారికి రక్తంలో చక్కెర 70 mg/dL కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే ‘ఆత్మ కదలిక’ అనుకుని మోకాళ్లమీదే ఉండిపోకండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేసుకోండి. చెమటలు, వణుకు తగ్గకపోయినా, చక్కెర పెరగకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. కూడికకు గ్లూకోజు పొట్లం తీసుకెళ్లి, మీకు షుగరున్న సంగతి పక్కన కూర్చున్నవారికి ముందే చెప్పి ఉంచండి.