వినికిడి మిషన్: చెవి లోపల పెట్టేది మంచిదా, వెనక పెట్టేదా?

మీ నాన్నగారికి 76 ఏళ్లు, షుగర్ వల్ల వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పరీక్షలో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ దగ్గర, అంటే మామూలు మాట కూడా సరిగ్గా వినబడనంత లోపం వచ్చిందని రాశారు. షాపువాళ్లేమో చెవి లోపలికి పూర్తిగా వెళ్లిపోయే చిన్న మిషన్ తీసుకోమంటున్నారు. నేనైతే తీసుకోను. మా ఇంట్లో రకానికొకరు వాడుతున్నారు కాబట్టి, చూసింది చెబుతాను.

ఆ చిన్న రకాన్ని సీఐసీ అంటారు. మా మావయ్య వాడతారు. ఆయనకి లోపం తక్కువ, వేళ్లు చురుగ్గా ఉన్నాయి. కళ్లజోడుకీ హెల్మెట్‌కీ అడ్డం రాదు, ఫోన్ మామూలుగా చెవికి ఆనించుకుంటారు. ఆయనకి అది బాగా కుదిరింది. కానీ దాంట్లో వేసే 10 నంబరు బ్యాటరీ కందిగింజ కన్నా పెద్దగా ఉండదు, వారం తిరక్కుండానే మార్చాలి. పైగా ఆయనకి గుబిలి ఎక్కువ. శబ్దం వచ్చే సన్న రంధ్రం మూసుకుపోయినప్పుడల్లా మిషన్ పాడైందని గోల. రోజూ బ్రష్‌తో తుడవాల్సిందే. తిమ్మిరెక్కే వేళ్లతో ఇదంతా అవుతుందా?

మా అమ్మది వేరే సమస్య. మాట వినబడుతుంది, అర్థం కాదు. వయసుతో ముందు పోయేవి సన్నని శబ్దాలే. స, శ, త లాంటివి జారిపోతాయి. లావు శబ్దాలు ఆమెకి బాగానే వినిపిస్తాయి కాబట్టి చెవిని పూర్తిగా మూస్తే తన గొంతే తనకి గుంయ్‌మని మోగేది. ఆర్ఐసీ రకం ఇచ్చారు. మిషన్ చెవి వెనక, సన్నని తీగ చివర స్పీకర్ చెవి లోపల, దానికి గాలి ఆడే మెత్తటి టోపీ. ఆ మోత తగ్గింది. అయితే ఆ స్పీకర్‌కీ గుబిలి పడదు, ఫిల్టర్ మారుస్తూ ఉండాలి.

మా అక్క కొడుకుకి పుట్టుకతోనే ఎక్కువ లోపం. వాడికి చెవి వెనక పెట్టే బీటీఈ, చెవి కొలత తీసి చేసిన మెత్తటి మోల్డ్‌తో. పిల్లల చెవి పెరుగుతుంది, అప్పుడు మోల్డ్ ఒక్కటే మారిస్తే చాలు, మిషన్ అదే. తీవ్రమైన లోపానికి కావలసిన పవర్ కూడా ఇందులోనే దొరుకుతుంది. జేబులో పెట్టుకుని తీగతో వాడే పాత రకం మా పెదతాత వదలరు. బటన్లు పెద్దవి, ధర తక్కువ. చొక్కా రాసుకున్నప్పుడల్లా గరగరమంటుంది.

మీ నాన్నగారికి నా ఓటు మోల్డ్ ఉన్న బీటీఈకే, అదీ ఛార్జింగ్ రకం. రాత్రి డబ్బాలో పెడితే తెల్లారేసరికి సిద్ధం, బ్యాటరీ మార్చే గొడవే లేదు. మామూలు బ్యాటరీదే దొరికితే నారింజ స్టిక్కర్ ఉండే 13 నంబరుది కాస్త పెద్దది. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. తీసినది మళ్లీ అతికించినా బ్యాటరీ మిగలదు. రెండు చెవులకూ లోపం ఉంది కనుక డబ్బు కుదిరితే రెండూ తీసుకోండి, ఎవరు ఎటునుంచి పిలుస్తున్నారో తెలుస్తుంది.

కొనేముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. చెవిలో చీము కారుతుంటే ముందు దానికి వైద్యం జరగాలి, షుగర్ ఉన్నవాళ్లు చెవి ఇన్ఫెక్షన్‌ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. ట్రయల్ రోజున మిషన్‌ని మీరు పెట్టకండి, నాన్నగారి చేతే పెట్టించండి, తీయించండి. షాపులోని నిశ్శబ్ద గదిలో ఏ మిషనైనా బాగానే వినిపిస్తుంది కనుక, ఒప్పుకుంటే ఇంటికి తెచ్చి ఫ్యాన్, టీవీ నడుస్తుండగా చూడండి.

ఖర్చు భారమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపేది) ప్రాంతీయ కేంద్రంలో అడగండి. తెల్ల కార్డు ఉంటే, 2017లో నెల్లూరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ వయోశ్రీ పథకం శిబిరాల్లో వృద్ధులకి మిషన్లు ఉచితంగా ఇస్తారు. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడో కలెక్టరేట్‌లో వృద్ధుల సంక్షేమ శాఖవాళ్లని కనుక్కోండి.