పేస్లిప్ చూపించి పర్సనల్ లోన్, ఆ వెంటనే రిజైన్... ఈ ప్లాన్ వద్దు

ప్రశ్న: మాది హైదరాబాద్, వయసు 33, వెబ్ డెవలపర్‌ని. చేతికొచ్చే జీతం 95 వేలు. రాత్రిళ్లు కూర్చుని క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చేశా, ఖర్చులు పోను నెలకి 26 వేలు వస్తోంది. ఫ్లాట్ ఈఎంఐ 34 వేలు, ఇంటి ఖర్చు 36, ఊళ్లో అమ్మానాన్నలకి 8. ఎఫ్‌డీ రెండున్నర లక్షలుంది. జాబ్‌లో ఉండగానే 12 లక్షల లోన్ తీసుకుని, రిజైన్ చేసి, యాడ్స్‌కి పెడదామనుకుంటున్నా. 37సిగ్నల్స్ వాళ్లు కూడా వెబ్ డిజైన్ నుంచే ప్రాడక్ట్‌కి వెళ్లారు కదా?

జవాబు: క్లినిక్ వాళ్లు డబ్బు కట్టి వాడుతున్నారంటే మీ ప్రాడక్ట్‌లో పస ఉన్నట్టే, నా భయమంతా ఆ లోన్ గురించే. ఈ మధ్య ఐటీ వాళ్లు చాలామంది ఇదే ప్లాన్‌తో వస్తున్నారు. 12 లక్షలు, 14 శాతం, ఐదేళ్లంటే ఈఎంఐ దాదాపు 28 వేలు, మీ సాఫ్ట్‌వేర్ ఆదాయం మొత్తం పోసినా దానికే చాలదు, మరి ఇంటికి కావాల్సిన 78 వేలు ఎక్కణ్నుంచి తెస్తారు? మూడు నెలల్లో ఎఫ్‌డీ ఊడ్చుకుపోతుంది. ఆ తర్వాత యాడ్స్‌కని తెచ్చిన అప్పులోంచే ఆ అప్పు వాయిదా కట్టాలి.

37సిగ్నల్స్ వాళ్లు 1999లో షికాగోలో వెబ్ డిజైన్ కంపెనీగా మొదలయ్యారు, 2004లో బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. తెచ్చిన రోజే క్లయింట్ పనులు మానేయలేదు, ప్రాడక్ట్ ఆదాయం వాటిని దాటాకే వదిలారు. మీ జీతం కూడా అలాంటి క్లయింట్ పనే అనుకోండి.

ముందు ఎమర్జెన్సీ ఫండ్. ఉద్యోగస్తులకి ఆరు నెలలు చాలంటాను, మీకు మాత్రం ఏడాది ఖర్చు, అంటే తొమ్మిదిన్నర లక్షలు ఉండాల్సిందే. ఎందుకంటే సబ్‌స్క్రిప్షన్ డబ్బు జీతంలా ఒకటో తారీఖున పడదు. ఏదో క్లినిక్ ఏప్రిల్‌లో ఏడాదికి 15 వేలు ఒకేసారి కట్టిందనుకోండి, అందులో ఈ నెల మీది 1,250 మాత్రమే, మిగతాది మీరింకా చెయ్యాల్సిన పని, దాన్ని ఆదాయం అనుకుని వాడేసుకుంటే వచ్చే ఏడాది వాళ్లు రెన్యూ చేయకపోతే దొరికిపోతారు. ఇప్పుడు రెండు ఆదాయాల మీద నెలకి 43 వేలు మిగులుతున్నాయి, ఎఫ్‌డీతో కలిపి ఏడాదిన్నరలో ఆ ఫండ్ తయారవుతుంది, అప్పటిదాకా జాబ్ వదలొద్దు.

ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడే. కంపెనీ హెల్త్ కవర్ మీరు బయటికొస్తే ఆగిపోతుంది, ఈపీఎఫ్‌తో వచ్చే 7 లక్షల దాకా బీమా కూడా అంతే. అమ్మానాన్నలకి షుగర్, బీపీ ఏమన్నా ఉంటే సొంత పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బులకి క్లెయిమ్ రాని కాలం, మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఆ గడియారం మీరు ఉద్యోగంలో ఉండగానే తిరగడం మొదలవ్వాలి. టర్మ్ పాలసీ కూడా పేస్లిప్‌లు, ఫామ్ 16 చేతిలో ఉన్నప్పుడే తేలిగ్గా వస్తుంది.

ఈపీఎఫ్ కదపొద్దు. యాడ్స్‌కి ప్రాడక్ట్ లాభంలోంచి నెలకి ఐదారు వేలు పెట్టి చూడండి, జీఎస్టీ సంగతి టర్నోవర్ 20 లక్షలకి దగ్గరపడినప్పుడు చూసుకోవచ్చు.

లోన్ ఇప్పటికే అప్లై చేసి ఉంటే, డబ్బు అకౌంట్‌లో పడకముందే ఈ రోజే బ్యాంక్‌కి ఫోన్ చేసి క్యాన్సిల్ చెప్పండి, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోయింది.