గిరిజనులతో కలిసి పనిచేసి ప్రభుత్వం పేదరికం తగ్గించిన చోటు ఉందా? మా కాఫీ తోటల అనుభవం

"గిరిజనుల పేదరికం పోగొట్టడానికి ప్రభుత్వం వాళ్లతో కలిసి పనిచేసి నిజంగా ఫలితం వచ్చిన చోటు ఏదైనా ఉందా, లేక అంతా కాగితాల మీదేనా?" అని అడిగారు. ఉంది. మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి వైపు కొండ మీది ఊరు. మాకు ఎకరంన్నర కాఫీ తోట ఉంది. నేను అందులోనే పెరిగాను కాబట్టి ఆ సంగతే చెబుతాను.

మా కొండల్లో కాఫీ కొత్తదేం కాదు. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో మావాళ్లు కూలీలు. పండు కోసి బుట్ట అప్పగిస్తే కూలి చేతికొస్తుంది, అంతటితో సరి. పాడేరు ఐటీడీఏ, అంటే గిరిజనుల అభివృద్ధి కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ, వేయించిన తోటల పద్ధతి వేరు. పోడు కొట్టుకునే కొండవాలులోనే, ఎవరి భూమిలో వాళ్లకి మొక్కలిచ్చారు. నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకించడానికి మిరియాల తీగలు. అవే కొండలు, అదే పంట, కానీ ఇక్కడ మావాళ్లు రైతులు. మీ ప్రశ్నకి జవాబు చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

రైతు కావాలంటే ముందు భూమి నిలవాలి. దాన్ని నిలబెట్టింది 1/70 చట్టం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకుండా అడ్డుకున్నది అదే. అది లేకపోతే కాఫీకి రేటు పలికిన ఏడాదే ఈ వాలులన్నీ మైదానం వాళ్ల ఎస్టేట్లు అయిపోయేవి. తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూములకి పట్టాలొచ్చాయి. ఆ కాగితం చేతికొచ్చాకే మా నాన్న ధైర్యం చేశాడు. కాఫీ కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రేపు ఎవరైనా వచ్చి లేచిపొమ్మంటారేమో అని టెన్షన్ పడే మనిషి అంత ఓపిక పట్టే పంట ఎందుకు వేస్తాడు? గుంతలు తవ్వినందుకు ఉపాధి హామీ కూలి వచ్చింది. కాపు వచ్చేదాకా ఆ డబ్బులూ, చోళ్లూ, సామలే మాకు ఆధారం.

ఇక అమ్మకం. ఒకప్పుడు సావుకారు వానాకాలంలోనే ఊళ్లోకి దిగేవాడు. ఇంట్లో గింజలు అయిపోయే రోజులవి. మామిడి టెంకల అంబలి తాగి గడిపిన సంగతి మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటప్పుడు కాస్త డబ్బు చేతిలో పెట్టి, పంట తనకే అమ్మాలని మాట తీసుకునేవాడు. పండు ఎర్రబడే వేళకి రేటూ అతనిదే, తూకమూ అతనిదే, బాకీ లెక్కా అతనిదే. బయట ధర ఎంతుందో తెలుసుకునే దారి మాకు లేదు.

1956 నుంచీ ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే మేమనే జీసీసీ, కాఫీ కొనడం మొదలుపెట్టాక మారింది ఇక్కడే. సీజనుకి ముందే కిలో ఇంత అని రేటు ప్రకటిస్తారు. అందరూ జీసీసీకే అమ్మరు, ప్రైవేటు వ్యాపారులకి అమ్మేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. కానీ "వాళ్లు ఇంతిస్తున్నారు, నువ్వెంతిస్తావు?" అని అడిగే నోరు మాకు వచ్చింది. సంస్థ కొన్న సరుకు కన్నా ఇదే పెద్ద మేలని నేననుకుంటాను.

నాణ్యత కూడా మాటలతో రాలేదు. ఎర్రటి పండే ఏరి కోయాలి. కోసిన రోజే పల్పరులో వేసి తోలు తీయాలి, జిగురు పోయేదాకా నానబెట్టి కడగాలి, నేల తగలకుండా ఎండబెట్టాలి. మేం మొదట్లో కళ్లంలోనే ఆరబోసేవాళ్లం, గింజకి మట్టి వాసన పట్టేసేది. చెప్పిపోయిన మీటింగుల వల్ల పెద్దగా ఏం మారలేదు. పక్క ఊరి మావాళ్లే వచ్చి, మా అమ్మతో పాటు కూర్చుని ఒక తడవ పండంతా పల్పరులో ఆడించి కడిగి చూపించాక మారింది. కోసిన పండుని పండుగానే అమ్మేసే రోజులు పోయి, పార్చ్‌మెంటు, అంటే తోలు తీసి కడిగి ఎండబెట్టిన గింజ, చేసి అమ్ముతున్నాం. సావుకారు బాకీ తీరింది, తమ్ముడు డిప్లొమా చదివాడు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకుముందే 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. అవి గర్వంగానే ఉంటాయి, కానీ మా ఇంట్లో తేడా తెచ్చింది ఆ పార్చ్‌మెంటే.

లోపాలూ చెప్పాలి. ఒక ఏడాది మొక్కలు వానలు వెనకపట్టాక వచ్చాయి, సగం పైనే ఎండిపోయాయి. ఇంకో ఏడాది అమ్మిన సరుకు డబ్బు నెలల తరబడి పడలేదు, మళ్లీ చేబదులుకి వెళ్లాల్సి వచ్చింది. 2025లో అరకు వైపు కాఫీ కాయని తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనబడింది. పురుగు పట్టిన కాయలు తీసి నాశనం చేయాలి. నష్టం రైతు నెత్తినే పడితే ఎవరూ బయటపెట్టరు. అందుకే ప్రభుత్వం పరిహారం ఇస్తామని ప్రకటించడం సరైన పని.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం వేరే ఉంది. కోత, కడుగుడు, ఆరబోత, ఏరడం దాదాపు అంతా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి, మా పట్టాలో అమ్మ పేరు ఉంది. కాఫీ డబ్బు పడే ఖాతాలో మాత్రం లేదు. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. పట్టాలో ఉన్న రెండు పేర్లతోనే బ్యాంకులో జాయింట్ ఖాతా తెరిపించి, డబ్బు అందులోనే వేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే సీజనులోపే చేయొచ్చు.