స్థానభ్రంశమా, ద్వంద్వ వియోగమా: గుర్తుపట్టడం ఎలా?

మీ అమ్మాయి స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అనే రసాయన చర్యల దగ్గర తికమకపడుతోందన్నారు కదండీ, సమీకరణంలో ముందు ఎడమవైపు చూడమనండి. అక్కడ ఒక మూలకం ఒంటరిగా, పక్కన ఒక సమ్మేళనం ఉంటే సాధారణంగా అది స్థానభ్రంశమే. నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తే, కాపర్ కన్నా చర్యాశీలత (చర్య జరిపే చురుకు) ఎక్కువున్న ఇనుము దాన్ని తప్పించి తాను చేరుతుంది. నీలం తగ్గి లేతాకుపచ్చ వస్తుంది, మేకుపై ఎర్రటి పూత పడుతుంది. ఐరన్ సల్ఫేట్‌లో రాగి తీగ వేస్తే ఏమీ జరగదు; ఈ తేడా తప్పక అడగండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

రెండూ సమ్మేళనాలై అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) మార్చుకుంటే ద్వంద్వ వియోగం. సోడియం సల్ఫేట్, బేరియం క్లోరైడ్ ద్రావణాలు కలిపితే తెల్లటి బేరియం సల్ఫేట్ అవక్షేపం (నీటిలో కరగని ఘనపదార్థం) వస్తుంది.

సంయోగం, వియోగం తేలికే: ఉత్పన్నం (చర్యలో ఏర్పడే పదార్థం) ఒక్కటే అయితే సంయోగం, క్రియాజనకం (చర్యలో పాల్గొనే పదార్థం) ఒక్కటే అయితే వియోగం.