టెక్ సందేహాలు: గ్లూ డాట్లు ఎందుకు ఊడిపోతాయి?

ప్రశ్న: పెళ్లిళ్లకు కానుక కార్డులు తయారుచేస్తాం. ఒక్కో కార్డుకు చిన్న జీడిపప్పు ప్యాకెట్‌ను గ్లూ డాట్లతో (కాగితం మీద వచ్చే చిన్న జిగురు చుక్కలతో) అంటిస్తున్నాం. రెండో రోజుకే కొన్ని ఊడిపోతున్నాయి. డాట్లు నాసిరకమా?
– ఓ పాఠకురాలు, పలాస

జవాబు: డాట్లను తప్పుపట్టే ముందు ప్యాకెట్‌ను చూడండి. దాని మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క పరుచుకోకుండా గుండ్రంగా నిలిస్తే అది పాలిథినో పాలీప్రొపిలీనో అయి ఉండవచ్చు. వాటి మీద నీరు పరుచుకోనట్టే జిగురూ సరిగా పట్టదు. దీనికి తోడు జీడిపప్పు నూనె! పప్పు నింపిన చేతులతోనే ప్యాకెట్ పట్టుకుంటే, కంటికి కనిపించని నూనె పొర పైన మిగిలిపోతుంది.

గ్లూ డాట్‌లోని జిగురు ఎండి గట్టిపడేది కాదు. దానికి నీరు, వేడి అక్కర్లేదు, ఒత్తిడి చాలు. నొక్కినప్పుడు మెల్లగా పారి, ఉపరితలంలోని సన్నని ఎగుడుదిగుళ్లలోకి చేరుతుంది. లాగితే ఘనపదార్థంలా ఎదురు నిలుస్తుంది. పైపైన తాకించి వదిలేస్తే పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? అంటించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (నూనెను వదిలించే ద్రవంతో) తుడిచి ఆరనివ్వండి. డాటును వేలితో తీయకండి. కాగితంతో సహా ప్యాకెట్ మీద బోర్లించి, కాగితం వెనుక నుంచి గట్టిగా నొక్కి, ఆ తర్వాత కాగితాన్ని మెల్లగా ఒలవండి. కార్డుకు అంటించాక మళ్లీ నొక్కి, ఒక రోజు పరిచి ఉంచండి. పట్టు గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. వెంటనే నిలబెట్టి సర్దే తొందరే సరుకును పాడుచేస్తుంది.

కొనేటప్పుడు రబ్బరు రకమా, అక్రిలిక్ రకమా అని అడగండి. రబ్బరు రకం పాలిథిన్‌ను చప్పున పట్టుకుంటుంది గానీ ఎండకు మెత్తబడి జారుతుంది. అక్రిలిక్ వేడిని బాగా తట్టుకుంటుంది, పాలిథిన్ మీద మాత్రం మొండికేస్తుంది. రెండింటితోనూ కొన్ని కార్డులు చేసి, ఒక పగలంతా ఎండలో నిలబెట్టి చూశాకే పెద్ద ఆర్డరు ఇవ్వండి.

ప్రశ్న: చిన్న బొబ్బిలి వీణను జ్ఞాపికగా ఫ్రేములో నిలువుగా అమర్చాలి. తర్వాత మరక లేకుండా తీయగలిగే డాట్లు సరిపోతాయా?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దు. సులువుగా ఊడివచ్చే జిగురును తక్కువ పట్టుతోనే తయారుచేస్తారు. 1968లో శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ కనుగొన్న, తర్వాత పోస్ట్-ఇట్ చీటీలకు వాడిన జిగురు అలాంటిదే. కాగితానికి అది చాలు. పనస కొయ్యతో చేసిన వీణ బరువు రాత్రింబవళ్లు కిందికి లాగుతుంటే డాటు సాగి సాగి వదిలేస్తుంది. గట్టి రకం వాడితే తీసేటప్పుడు పాలిష్ లేచిపోవచ్చు. చేత్తో చెక్కిన పనిని అలా పణంగా పెట్టకండి. దండి (పొడవాటి మెడ) దగ్గర, కుండ (గుండ్రని భాగం) దగ్గర సన్నని నైలాన్ దారంతో ఫ్రేము వెనుక చెక్కకు కట్టించండి. పేరు, తేదీ రాసిన కార్డును మాత్రం డాట్లతో అంటించుకోవచ్చు.