కుక్కతో కొండబాట పట్టేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులతో రాయునది.

దూరప్రయాణం పెట్టుకున్నావనీ, దారిలో కనిపించే కొండబాటలన్నీ నీ కుక్కను వెంటబెట్టుకొని నడవాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఏయే బాటలు బాగుంటాయని అడిగావు. దానికి జవాబు నీ కుక్క శక్తిని బట్టి ఉంటుంది కనుక ముందు దాని సంగతి చూద్దాం. కుక్కతో నడవడంలో అసలు చిక్కు ఏమిటంటే, నీవు నడిచినంతసేపూ అదీ నడుస్తుంది. అరికాళ్ళు ఒరుసుకుపోయినా, కీళ్ళు నొప్పి పెడుతున్నా, ఒళ్ళు కాగిపోతున్నా నిన్ను విడిచి తనంతట తాను వెనుదిరగదు. కాబట్టి ఎంతదూరం వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి రావాలి అన్న నిర్ణయాలన్నీ దాని తరఫున నీవే చేయాలి.

ఏడాది నిండని కుక్కను పెద్ద ఎత్తులు ఎక్కించవద్దు. ఎముకల చివర్లు పూర్తిగా గట్టిపడటానికి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర వరకు పట్టవచ్చు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు శ్వాసమార్గమే ఇరుకు కావడం వల్ల ఎండపూట చిన్న చిన్న ఎత్తులు కూడా ప్రమాదమే. వయసు మళ్ళిన కుక్క విషయంలో ఎక్కడం కంటే దిగడం గురించి ఎక్కువ ఆలోచించాలి. కుక్క బరువులో సుమారు అరవై శాతం మామూలుగానే ముందుకాళ్ళ మీద ఉంటుంది, దిగేటప్పుడు ఆ భారం ఇంకా పెరుగుతుంది. శిఖరం దాకా హుషారుగా వచ్చిన కుక్క తిరుగుదారిలో కుంటడానికి తరచుగా కారణం ఇదే. అందుకే దాని ఓపిక సగం ఖర్చు కాకముందే వెనుదిరగాలని నా అభిప్రాయం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎండ. మనకు ఒళ్ళంతా చెమట పోసి వేడి తగ్గుతుంది. కుక్కకు చెమట పాదాల దగ్గర కాస్త పట్టడమే తప్ప, వేడిని వదిలించుకోవడానికి రొప్పడమే ప్రధాన మార్గం. దాని మామూలు ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. రొప్పడం ఆగకుండా ఉండి, నాలుక వెడల్పుగా వేలాడి, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగి, నడక తూలుతుంటే ఇంకొక్క అడుగు కూడా వేయించవద్దు. నీడకు చేర్చి, ఒంటి మీద, ముఖ్యంగా పొట్టకింద, చల్లని నీళ్ళు పోస్తూ గాలి విసరాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు కనుక ఆ పని చేయవద్దు. ఒళ్ళు చల్లబరచడం మొదలుపెట్టిన తరువాతే పశువైద్యుని దగ్గరికి తరలించాలి. ఇంతవరకు రాకుండా ఉండాలంటే తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదరకముందే కిందికి చేరుకోవాలి. బండ మీదో తారురోడ్డు మీదో అరచేతి వెనుకభాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కను నడిపించకూడదు.

కదలకుండా ఉన్న కుక్కకు కూడా రోజుకు ప్రతి కిలో బరువుకు యాభై నుంచి అరవై మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. అంటే ఇరవై కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. కొండ ఎక్కేరోజు దానికి రెట్టింపు మోసుకెళ్ళు, కొంచెం కొంచెంగా తరచుగా తాగించు. నిలవనీటిలో ఎలుకజ్వరపు (లెప్టోస్పైరోసిస్) క్రిములు ఉండవచ్చు. పైన పెయింటు ఒలకబోసినట్లు నీలి ఆకుపచ్చ నాచు తేలుతున్న చెరువు నీరు కొన్ని గుక్కలు తాగినా కుక్క చనిపోవచ్చు. నడవబోయే ముందు కడుపునిండా తిండి పెట్టవద్దు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. నీ సంచిలో నీ కోసం పెట్టుకున్న ఎండుద్రాక్ష, చాక్లెట్ దానికి విషమని మరచిపోకు. నీ నొప్పిమాత్రలు, అవి పారాసిటమాల్ అయినా ఐబుప్రొఫెన్ అయినా, దానికి వేయనే కూడదు.

ఇక పట్టీ విడవడం గురించి. పిలిస్తే వెంటనే వస్తుందని ఎంత నమ్మకమున్నా తెలియని చోట పట్టీ విడవవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎలుగుబంటినో అడవిపందినో తరుముకుంటూ వెళ్ళిన కుక్క చివరకు పరిగెత్తుకొచ్చేది నీ దగ్గరికే, దాని వెనకే ఆ జంతువూ వస్తుంది. మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడు. వీపు మీద పిడి ఉన్నదైతే జారుడుబండల దగ్గర కుక్కను ఎత్తి దాటించవచ్చు. చాలా దేశాల జాతీయ ఉద్యానవనాల్లో కుక్కలను కాలిబాటల మీదికి రానివ్వరు. రానిచ్చేచోట కూడా పట్టీ పొడవుకు హద్దు ఉంటుంది, అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో అది ఆరడుగులు. ఈ కట్టడి నీకు అతిగా అనిపించవచ్చు కానీ, కుక్కల వల్ల అడవిజంతువులకు రోగాలు సోకవచ్చు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి సింహాలకు సోకి, అక్కడి సింహాల్లో దాదాపు మూడోవంతు చనిపోయాయి. చుట్టుపక్కల గ్రామాల కుక్కల నుంచే అది వచ్చిందని పరిశోధకులు భావించారు. అందుచేత టీకాలన్నీ వేయించి, దాని మలాన్ని సంచిలో కట్టి వెనక్కి తెచ్చేసెయ్యి.

దేశం దాటాలనుకుంటే నెలల ముందే కాగితాల పని మొదలుపెట్టు. ఐరోపా సమాఖ్య దేశాలకు వెళ్ళాలంటే కుక్క గుర్తింపు కోసం చర్మం కింద అమర్చే మైక్రోచిప్ ముందు, రేబిస్ టీకా తరువాత వేయించాలి. ఈ వరుస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు. మొదటి టీకా వేసేనాటికి కుక్కకు పన్నెండు వారాలు నిండి ఉండాలి, ఆ తరువాత ఇరవై ఒక్క రోజులు గడవాలి.

నడక పూర్తయిన ప్రతి సాయంత్రమూ కుక్క ఒళ్ళు తడిమి చూడటం నీవు ఏనాడూ మానకూడని పని. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో, చంకల్లో, మెడపట్టీ కింద పిడుదులు పట్టి ఉంటాయి. పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి సాధారణంగా పిడుదు ఒక రోజుకు పైగా అంటుకొని ఉంటేనే సోకుతుంది కనుక అదేరోజు తీసేస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి నిటారుగా లాగెయ్యి. నూనె పోయడం, నిప్పు అంటించడం వంటివి చేయవద్దు. అరికాళ్ళలో ముల్లు, చీలిక ఉన్నాయేమో చూసి, గాయముంటే కడిగి గాజుగుడ్డ చుట్టి, పైన మేజోడు తొడుగు.

మరునాడు ఉదయం అది నిద్రలేచి వేసే మొదటి పది అడుగులను శ్రద్ధగా గమనించు. నడక బిగుసుకున్నట్లు ఉన్నా, మెట్టు దిగడానికి వెనుకాడినా, ముందురోజు నడిపించిన దూరం దానికి ఎక్కువైందని అర్థం. ఆ రోజు కొండ మాట ఎత్తకుండా విశ్రాంతినిచ్చి, తరువాతి బాటను ఇంకా చిన్నదిగా ఎంచుకో. అందుకు వీలుగా రెండు కొండబాటల మధ్య ఒక రోజు ఖాళీ ఉండేటట్లు ఇప్పుడే ప్రయాణాన్ని సర్దుకొని, ఆ వివరాలు నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న