బొమ్మల కథకు కర్త ఎవరు?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే తగవును గురించినవి: బొమ్మల కథ (కామిక్స్) మీద కర్తగా ఎవరి పేరు, ఎక్కడ ఉండాలి? నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకులు రాసినవే. అందువల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను రాయగడలో తెలుగు ఉపాధ్యాయురాలిని. నాగావళి ఒడ్డున పెరిగే ఒక అమ్మాయి గురించి పిల్లల కోసం బొమ్మల కథ రాశాను. కథ, పాత్రలు, సంభాషణలు నావి. బొమ్మలు పర్లాకిమిడికి చెందిన ఒక యువకుడు వేశాడు. అతడు అడిగిన పారితోషికం ముందే ఇచ్చాను. ఇప్పుడు అట్ట మీద నా పేరుతో సమానంగా తన పేరు కూడా ఉండాలని పట్టుబడుతున్నాడు. లోపలి పేజీలో "బొమ్మలు" అని అతని పేరు వేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదనే మా అభిప్రాయం. పారితోషికం చెల్లించడంతో పేరు సంగతి కూడా తీరిపోయిందని మీరు అనుకుంటున్నట్టుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం అలా అనుకోదు. హక్కులన్నీ ఇతరులకు రాసి ఇచ్చేసిన తర్వాత కూడా, ఈ పని నాదని చెప్పుకునే హక్కు కర్త దగ్గరే ఉంటుందని ఆ చట్టంలోని 57వ సెక్షన్ చెబుతోంది. రాతకు రచయిత ఎలా కర్తో, బొమ్మకు చిత్రకారుడు అలాగే కర్త. అయితే ఆ పేరు అట్ట మీద ఉండాలా, లోపల ఉండాలా, ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలి అన్న సంగతులు చట్టంలో లేవు. అవి పుస్తకం స్వభావాన్ని బట్టి మనుషులు తేల్చుకోవలసినవి.

మీరు చేసింది బొమ్మలున్న కథా, బొమ్మల కథా అన్నది ముందు తేలాలి. మొదటి దానిలో బొమ్మలన్నీ తీసేసినా కథ నిలబడుతుంది. రెండో దానిలో అలా చేస్తే మిగిలేవి తెగిపోయిన సంభాషణలే. "వరద వచ్చిన రాత్రి ఆమెకు మెలకువ వచ్చింది" అని మీరు ఒక వాక్యం రాసి ఉంటే, ఆ మెలకువను ఒక ఫ్రేములో చూపాలా, ఆరు ఫ్రేముల్లో చూపాలా, ముందుగా అమ్మాయి ముఖం కనపడాలా, గుమ్మం దాటి లోపలికి వస్తున్న నీళ్లు కనపడాలా, పాఠకుడు పేజీ తిప్పిన తర్వాతే నది కనపడేలా దాన్ని దాచిపెట్టాలా అన్న నిర్ణయాలు ఎవరు చేశారు? అవి కథ చెప్పడంలో భాగమైన నిర్ణయాలు. ప్రతి ఫ్రేములో ఏముండాలో మీ రాతప్రతిలో మీరే రాసి ఇచ్చి ఉంటే మీ వాటా పెరుగుతుంది. అప్పుడు కూడా ఆ అమ్మాయికి ముఖాన్ని, నడకను, కోపాన్ని ఇచ్చినవాడు అతడే కనుక, అతని పేరు లోపలి పేజీకి పరిమితం కావడం న్యాయం కాదు.

మన సాహిత్య వాతావరణంలో ఈ విషయం అంత కొత్తదేమీ కాదు. బుడుగు మాటలు ముళ్లపూడి వెంకటరమణవి, రూపం బాపుది. ఆ పిల్లవాడిని తలచుకున్న తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది మాటో, బొమ్మో తేల్చడం కష్టం. ఆ జంట పేరును మనం పలికేటప్పుడు కూడా చిత్రకారుడి పేరే ముందు వస్తుంది, అందుకు రమణగారి అభిమానులెవరూ నొచ్చుకున్నట్టు మేము వినలేదు. చందమామలో అన్యాయం అటునుంచి జరిగింది. బొమ్మ మూలలో చిత్రా, శంకర్, వపా అన్న సంతకాలు చూసి పిల్లలు సైతం చిత్రకారులను గుర్తుపట్టేవారు. కానీ ఏళ్ల తరబడి ఆ పత్రికలో జానపద ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ కథల కింద ఉండేది కాదు. ఆయన ఎవరో పాఠకులకు తెలిసేసరికి వాళ్ల జుట్టు నెరిసింది. అంటే పేరు పోగొట్టుకునేది ఎప్పుడూ చిత్రకారుడే అన్న నియమమేమీ లేదు. పేజీని అచ్చుకు సిద్ధం చేసేవాళ్లు ఏది ముఖ్యమనుకుంటే ఆ పేరు మిగులుతుంది.

మీ పుస్తకంలో ఆ స్థానంలో ఉన్నది మీరే కనుక, అట్ట మీద రెండు పేర్లూ ఒకే పరిమాణంలో వేయించండి, మీ పేరు ముందు ఉండనివ్వండి. లోపల "కథ, సంభాషణలు" అని మీ పేరు, "చిత్రకథనం" అని అతని పేరు వేయండి. కథ కూడా తనదేనని అతడు అడగడం లేదు కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. దుకాణాల బోర్డులు, గోడబొమ్మలు వేసి బతుకుతున్నాను. విశాఖపట్నంలో ఉండే ఒక రచయిత ఫోన్‌లో కథ సారాంశం చెప్పారు. కాగితం మీద పెడితే అది అరపేజీ కూడా రాదు. దాన్ని 16 పేజీలుగా విడగొట్టి గీసింది నేను. ఒక ముసలి బండివాడి పాత్రను నా అంతట నేనే చేర్చాను. తర్వాత ఆయన మాటలు నింపారు. అచ్చయిన పుస్తకం మీద "సృష్టి, రచన" అని ఆయన పేరే ఉంది, నాది చివరి పేజీలో ఉంది. ఆలోచన తనది కనుక సృష్టికర్త తానేనంటున్నారు. ఆ బండివాడితో నేను వేరే కథ గీసుకోవచ్చా?

జవాబు: మీకు జరిగినదానికి పేరుమోసిన పూర్వకథ ఉంది. 1960లలో అమెరికాలోని మార్వెల్ అనే కామిక్స్ ప్రచురణ సంస్థలో రచయిత స్టాన్ లీ ఒకేసారి అనేక పత్రికలకు రాయవలసి వచ్చేది. అందువల్ల పూర్తి స్క్రిప్టు రాయకుండా కథ సారాంశం మాత్రం చెప్పేవాడు. చిత్రకారుడు దాన్ని పేజీలుగా విడగొట్టి గీసి తెచ్చిన తర్వాత సంభాషణలు నింపేవాడు. దీనికి మార్వెల్ పద్ధతి అనే పేరు స్థిరపడింది. 1961లో మొదలైన ఫెంటాస్టిక్ ఫోర్‌ను జాక్ కిర్బీ గీశాడు. 1966లో ఆ పత్రిక 48వ సంచిక కోసం అతడు తెచ్చిన పేజీల్లో, సర్ఫింగ్ పలక మీద నిలబడి ఆకాశంలో తిరిగే ఒక వెండి మనిషి కనిపించాడు. లీ చెప్పిన సారాంశంలో అటువంటి పాత్ర లేదు. ఆ మాట లీయే తర్వాతి కాలంలో చెప్పాడు. ఆ సిల్వర్ సర్ఫర్‌కు మీ బండివాడు దగ్గరి చుట్టమే. కాకపోతే ఆ వెండి మనిషికి దిగులు నిండిన గంభీరమైన మాటతీరు ఇచ్చినవాడు లీ. అందుచేత అందులో లీ వాటా ఏమీ లేదని కూడా అనలేము.

స్పైడర్‌మాన్ విషయంలో వాదన మరింత ముదిరింది. 1962లో వచ్చిన ఆ పాత్రకు వేషం, కదలిక, ఒంటరితనం నిండిన ఆ నగర వాతావరణం స్టీవ్ డిట్కో గీతలోంచి వచ్చాయి. 1965 నాటికి కథ అల్లిక కూడా డిట్కోదేనని పత్రికే అచ్చు వేయవలసి వచ్చింది, మరుసటి సంవత్సరం అతడు ఆ పత్రికను విడిచిపెట్టాడు. ఆలోచన ఎవరికి వస్తుందో సృష్టి వారిదన్నది లీ వాదన. కాగితం మీద రూపం దాల్చేవరకు అది ఉత్త ఆలోచనేనన్నది డిట్కో జవాబు. ఈ ఇద్దరిలో మేము డిట్కో పక్షం. సాలీడు శక్తులున్న కుర్రవాడు అన్న ఒక్క వాక్యంతో పదిమంది పది వేర్వేరు పాత్రలను తయారు చేయగలరు. పాఠకులు ప్రేమించింది వాటిలో ఒకదానినే, ఆ ఒకదాన్ని చేసినవారు ఇద్దరు. కిర్బీ 1994లో మరణించాడు. అతని వారసులకు, సంస్థకు మధ్య న్యాయస్థానాల్లో నడిచిన తగవు 2014లో రాజీతో ముగిసింది, ఆ తర్వాతే అతని పేరు లీ పేరు పక్కన సృష్టికర్తగా క్రమంగా కనిపించసాగింది.

ఇది చదివి చిత్రకారులందరూ బాధితులేనని అనుకోకండి. బ్యాట్‌మాన్ 1939లో వచ్చింది. చిత్రకారుడు బాబ్ కేన్ తెచ్చిన తొలి గీతలో ఎర్రని దుస్తులు, బిగుసుకున్న రెక్కలు ఉండేవి. బూడిద రంగు, ముసుగు, రెక్కలకు బదులు భుజాల మీంచి జారే వస్త్రం సూచించినవాడు, తొలి కథలు రాసినవాడు బిల్ ఫింగర్. కానీ ప్రచురణకర్తతో ఒప్పందం చేసుకున్నది కేన్ కనుక దశాబ్దాలపాటు అతని పేరొక్కటే అచ్చయింది. ఫింగర్ 1974లో చనిపోతే, కేన్ పేరుతోపాటు అతని పేరు కూడా అధికారికంగా వేయడానికి 2015 వరకు పట్టింది. మీ తగవులో ప్రచురణకర్తతో మాట్లాడినది ఎవరు? ఆ సంగతి మీరు రాయలేదు, మాకు మాత్రం అసలు కిటుకు అక్కడే ఉందనిపిస్తోంది.

ఇక చట్టం. ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కనుక "ఆలోచన నాది" అన్న మాట ఒక్కటే రచయితగారికి రక్షణ కాదు. మరోవైపు, ఇద్దరి పనినీ విడదీసి చూపలేనప్పుడే దాన్ని ఉమ్మడి కర్తృత్వంగా చట్టం గుర్తిస్తుంది. బొమ్మల కథలో మాట వేరు, గీత వేరు అని చూపించడం తేలిక కనుక, గీతకు మీరు, మాటకు ఆయన కర్తలని వాదించే వీలే ఎక్కువ. కథ అల్లికలో మీకున్న వాటా ఈ విభజనలో ఎక్కడా ఇమడదు. బొమ్మల కథలను దృష్టిలో పెట్టుకుని రాసిన నిర్వచనం కాదది.

బండివాడి సంగతికి వస్తే, మీకు కొంత ధైర్యమిచ్చే తీర్పు ఒకటి ఉంది. బోబన్, మోళి అనే పిల్లల పాత్రలను గీసిన కేరళ కార్టూనిస్టు టామ్స్, తాను పనిచేసిన పత్రికను విడిచిపెట్టిన తర్వాత కూడా ఆ పాత్రలను గీసుకోవచ్చని 1988లో కేరళ హైకోర్టు తేల్చింది. ఆ ఉద్యోగంలో చేరకముందే ఆయన వాటిని సృష్టించి ఉండడం అందుకు ముఖ్యమైన ఆధారం. మీ బండివాడు ఈ పుస్తకం కోసమే పుట్టాడు, అతని నోట రచయితగారి మాటలున్నాయి. అందువల్ల తీర్పు యథాతథంగా మీకు వర్తించదు. ఆయన రాసిన సంభాషణలను, సంఘటనలను వాడకుండా, మీ గీతలోని మనిషిని మాత్రమే తీసుకుని కొత్త కథ గీస్తే మీ పక్షం బలంగా ఉంటుంది. డబ్బు తీసుకుని వేసిన బొమ్మల యాజమాన్యం ఎవరిదన్నది వివాదానికి తావిచ్చే విషయం కనుక, గీసేముందు ఒక న్యాయవాదికి చూపించండి. తేదీలతో ఉన్న పెన్సిల్ గీతలు, ఫోన్‌లో వచ్చిన సందేశాలు పారేయకండి. సంతకంతో కూడిన రాత లేకుండా కాపీరైట్ బదలాయింపు చెల్లదు, రాతలో కాలవ్యవధి చెప్పకపోతే దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తారు. 1938లో 130 డాలర్లకు సూపర్‌మాన్ హక్కులు రాసిచ్చిన జెర్రీ సీగెల్, జో షూస్టర్‌లకు తమ పేర్లను ఆ పాత్ర మీద తిరిగి చూసుకోవడానికి 1975 దాకా ఆగవలసి వచ్చింది. ఏ కాగితం మీదైనా సంతకం చేసి ఉంటే, నకలు ముందు సంపాదించండి.

మలి ముద్రణలో "కథ ఆలోచన, సంభాషణలు" అని ఆయన పేరు, "కథ అల్లిక, చిత్రాలు" అని మీ పేరు వేసి, "సృష్టి" అన్నచోట ఇద్దరినీ చేర్చమని అడగండి. ఆ మూడో మాట విషయంలో వెనక్కి తగ్గకండి.

ప్రశ్న: బరంపురంలో ఉంటాను. ఒక ఒడియా బొమ్మల కథను తెలుగులోకి అనువదించి, బెలూన్లలో అక్షరాలు కూడా నేనే రాశాను. సహకర్తగా నా పేరు అడగవచ్చా?

జవాబు: అనువాదానికి మీరే కర్త. ఆ పేరు లోపలి మొదటి పేజీలో ఉండి తీరాలి, అట్ట మీద కూడా వేస్తే ప్రచురణకర్త మర్యాద తెలిసినవారని అర్థం. ఒడియా వాక్యానికి సరిపడా గీసిన బెలూన్‌లో తెలుగు వాక్యాన్ని కూర్చోబెట్టడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది కనుక, "అక్షరాలు" అన్న వివరం కూడా విడిగా వేయమనండి. అమెరికా కామిక్స్‌లో ఆ పేరు వేయడం ఎప్పటినుంచో ఉంది. కానీ సహకర్త అనడం కుదరదు. మీ ప్రాంతంలో ఒకే ఇంట్లో తెలుగు చందమామ, దాని ఒడియా రూపమైన జహ్నమాము రెండూ చదివిన పెద్దలుంటారు. భాష మారినా వాళ్లు చూసినది ఒకే చిత్రకారుడి గీత.

ప్రశ్న: గుణుపురం దగ్గర ఒక సవర పెద్దాయన చెప్పిన కథను, వాళ్ల గోడబొమ్మల శైలిలో, మేము ముగ్గురు మిత్రులం తెలుగు బొమ్మల కథగా చేస్తున్నాం. ఒకరు రాశారు, ఇద్దరు గీశారు. ఇది జానపద కథ కనుక మా ముగ్గురి పేర్లు చాలునా?

జవాబు: చాలవు. కథ ఎవరిదో తెలియదు కాబట్టి ఎవరిదీ కాదని అనుకోవడం మనకు అలవాటైపోయింది. మీకు ఆ కథ పలానా ఊళ్లో, పలానా మనిషి నోట వచ్చింది. తాను ఎక్కడ ఆపుతాడు, దేన్ని వదిలేస్తాడు, ఎవరిని నవ్విస్తాడు అన్నవి అతని నిర్ణయాలే.

మీరు అనుకరిస్తున్న, ఇడితాల్ అనే ఆ సవర గోడబొమ్మల్లో కూడా ఈ పని విభజన ఉంది. గోడ మీద ఏమేమి ఉండాలో తరచుగా పూజ జరిపే కుడాన్ చెబుతాడు, గీసే చేయి వేరొకరిది. ఏ ఆత్మ కోసం గీస్తున్నారన్నది వాళ్లకు ఆ ఇద్దరికంటే ముఖ్యం. ఆ గోడ నుంచి గుర్రాన్నీ, ఏనుగునూ, మనుషుల వరుసనూ తీసుకొచ్చి పిల్లల పుస్తకంలో పెట్టేముందు, ఏవి పెట్టవచ్చో, ఏవి పెట్టకూడదో అడిగారా? సవరల్లో ఒక శాఖ అయిన లంజియా సౌరాల చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కళకూ, ప్రాంతానికీ వచ్చిన రక్షణ. దానివల్ల ఏ ఒక్క చిత్రకారుడి పేరూ మీ పుస్తకంలోకి దానంతట అది రాదు. మీ మిత్రులు ఎవరి గోడలు చూసి నేర్చుకున్నారో ఆ మనుషులను మీరే అడిగి, వాళ్లు ఒప్పుకుంటే పేర్లు వేయాలి.

ఈ విషయంలో మీ ప్రాంతంవారికి దారి చూపిన మనిషి కూడా అక్కడివాడే. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న గిడుగు వెంకటరామమూర్తి, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేయడానికి సవరలనే గురువులుగా కూర్చోబెట్టుకున్నాడు.

మీ పుస్తకం మొదటి పేజీలో "కథ చెప్పినవారు" అన్న వరుస పైన ఉండాలి. దాని కింద రాసినవారు, గీసినవారు రావాలి. పారితోషికంలో నాలుగో మనిషిగా ఆయన వాటా ఎంత అన్నది అచ్చుకు ఇవ్వకముందే మాట్లాడుకోండి. పుస్తకం సిద్ధమయ్యాక, అచ్చుకు ముందు, ఒకసారి ఆయనకు సవర భాషలో చదివి వినిపించే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. తన పేరు వద్దని ఆయన అంటే ఊరి పేరు వేయండి, అది కూడా వద్దంటే ఏం రాయాలో ఆయననే అడిగి, చెప్పినట్టే రాయండి.